కుడిచేతి వైపు గ్లాసు

ఆ రోజు పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. వాన పడటం లేదు. పడనని చెప్పడమూ లేదు. గాలి కదలడం మానేసి చాలాసేపయింది. ఇలాంటి రోజుల్లో డిస్టిలరీ వాసన పైకి పోదు, వీధిలోనే చతికిలబడుతుంది. ఉడికిన గింజ, పులిసిన పిండి, నానిన పీపా చెక్క, అన్నీ కలిసిన వాసన. ఎదురింటి టైలరు కిటికీ మూసేశాడు. గేటు దగ్గర లారీ దిగిన కొత్త డ్రైవరు ముక్కు ఎగబీల్చి, "అబ్బ, గాలి పీలిస్తేనే ఎక్కేలా ఉందే!" అని నవ్వాడు.

ముక్కు మేస్త్రి ఆ గాలిలోంచే నడిచి వచ్చాడు. ఆయనకి తడి తగిలింది, చలి తగిలింది. వాసన తగల్లేదు.

ఆయనకి వాసన పోయి నాలుగు నెలలు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఇప్పుడు మనకి తెలుసు. మూడో మనిషికి తెలియదని ఆయన ధీమా. అప్పుడొచ్చిన జ్వరం మూడు రోజుల్లో తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదు. ఏ పీపాలో విస్కీ సీసాలకెక్కాలో, ఏది ఇంకా కొన్నేళ్ళు పడుకోవాలో ముప్పై ఒక్క ఏళ్ళుగా చెప్పిన ముక్కు అది. సంగతి బయటపడితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మేస్త్రిని ఎవరూ వెళ్ళమనరు. గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోమంటారు. ఆయన భయమంతా ఆ స్టూలు గురించే.

ఇలా ఉండగా కిందటి వారం చిన్నయ్యగారు పిలిచారు. చిన్నయ్యగారంటే డిస్టిలరీ యజమాని. అరవై రెండేళ్ళ మనిషి. తండ్రి పెద్దయ్యగారు పోయి ఇరవై ఏళ్ళయినా ఈయన చిన్నయ్యగారుగానే ఉండిపోయారు. డిస్టిలరీకి ఈ ఏడు యాభై నిండుతాయి. పెద్దయ్యగారు తన చేత్తో నింపిన పీపాలు మూడు మిగిలాయి. అందులో ఒకదాన్ని ఎంచి యాభయ్యో ఏటి సీసా చెయ్యాలి. ఎంచాల్సింది మేస్త్రి. లేబుల్ అప్పుడే అచ్చయి వచ్చింది కూడా. పై వరుసలో డిస్టిలరీ పేరు, కింద సన్నటి అక్షరాల్లో 'ఎంచినవారు' అని మేస్త్రి పేరు. ఆయన పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి. ఒక కాగితం ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని చదివి, "బతికుండగానే వేశారు, సంతోషం," అంది. అప్పటినుంచి ఆ కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉంది.

ఎంచే రోజు ఇదే.

శాంపిల్ గదికి ఒకటే కిటికీ. బల్లకి తెల్లరంగు. మేస్త్రి కుర్చీ కుడిచేతి మీద రంగు పోయి, చెక్క నున్నబడి ఉంటుంది, మోచెయ్యి ఆని ఆని. ఆ గదిలోకి సెంటు పూసుకున్నవాళ్ళు రాకూడదు. గ్లాసులకి సబ్బు తగలకూడదు. వేడినీళ్ళతో కడిగి చెక్క స్టాండు మీద బోర్లించాలి. నాలుగేళ్ళుగా ఆ పని మేస్త్రి కోడలిది. ఆమె భర్త డిస్టిలరీ లారీ తోలతాడు, లోడుతో వెళ్ళి మూడు రోజులైంది. కోడలు గ్లాసులు కడుగుతుంది, శాంపిళ్ళు పోస్తుంది, గాజు మూతలు పెట్టి బల్ల మీద సర్దుతుంది. తర్వాత తుడుపుగుడ్డ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఆ గదిలో ఆమె మాట్లాడిన మాట ఒక్కటీ మేస్త్రికి గుర్తు లేదు.

ఆ రోజు ఆమె ట్రే పట్టుకుని వస్తుంటే చిన్నయ్యగారు ఎదురెళ్ళి అందుకున్నారు.

"ఇవాళ నేను సర్దుతానమ్మా. మా నాన్న నింపిన పీపాలు. ఆ మాత్రం నన్ను చెయ్యనివ్వు."

"మీకెందుకు అయ్యగారూ, నేను పెడతాను కదా..."

"ఫర్వాలేదులే."

మూడు గ్లాసులు. ఏ పీపాదో తెలిసేలా ఒక్కోదాని అడుగున బయటివైపు సుద్దతో అంకె. చిన్నయ్యగారు వరసగా ఒకటి, రెండు, మూడు అని పెట్టేశారు. కోడలి చేతులు ఒకసారి ముందుకొచ్చి వెనక్కిపోయాయి. బల్ల దగ్గరున్న ఇద్దరూ అది చూడలేదు.

మేస్త్రికి రెండు పద్ధతులున్నాయి. ముప్పై ఏళ్ళది ఒకటి, నాలుగు నెలలది ఒకటి. పాత పద్ధతిలో మూత తీసి, నోరు మూసుకుని ఒకసారి వాసన చూడాలి. పెదాలు కొంచెం విడదీసి రెండోసారి చూడాలి. ఆ తర్వాతే చెంచాడు నీళ్ళు కలిపి మూడోసారి. నీళ్ళు ముందు పోస్తే ఆ మొదటి రెండు వాసనలూ పోతాయి, మళ్ళీ రమ్మన్నా రావు. ఈ సంగతి చిన్నయ్యగారికి ఇరవై ఏళ్ళ కింద నేర్పినవాడు మేస్త్రే.

కొత్త పద్ధతి కంటిది, నాలుకది. శాంపిల్ సీసా ఊపి పైన బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూడటం. గ్లాసు తిప్పి, లోపలి గోడ వెంట చారలు ఎంత నెమ్మదిగా దిగుతాయో చూడటం. నీళ్ళు కలిపాక మసక కమ్ముతుందో లేదో చూడటం. నాలుక మీద తీపి, చేదు, గొంతులో మంట. వీటితో ఘాటు చెప్పొచ్చు, వయసు సుమారుగా చెప్పొచ్చు. మంచిదో కాదో చెప్పడం వేరే విషయం. అయినా ఈ నాలుగు నెలల్లో పదకొండు పీపాలు ఎంచాడు. పదకొండూ బాగున్నాయన్నారు. ముక్కు పోయినా అనుభవం ఎక్కడికి పోతుంది అనుకుని ఆయన రాత్రుళ్ళు పక్క మీద కాస్త ఊపిరి పీల్చుకునేవాడు.

ఆ రోజు ఒంట్లో సత్తువ లేదు. మొదటి గ్లాసు మూత తీసి, ముక్కు దగ్గర రెండుసార్లు పెట్టినట్టు పెట్టి, దించాడు. తర్వాత నీళ్ళు. రెండో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆ నటనకి కూడా ఓపిక చాలలేదు. మూత తీసి తిన్నగా నీళ్ళు పోసేశాడు.

చిన్నయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

రెండోది చిక్కటి రంగు. చారలు దిగడం ఇష్టం లేనట్టు దిగాయి. మసక దట్టంగా కమ్మింది. నాలుక మీద తీపి నిలిచింది. మూడోది పలచగా, నీరసంగా కనిపించింది.

"ఇది," అని మేస్త్రి రెండో గ్లాసు ముందుకు జరిపాడు.

"ఖాయమేనా?"

"మీ నాన్నగారే వచ్చి పోసినట్టుంది."

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసేపు బాధపడ్డాడు.

చిన్నయ్యగారు చెయ్యి చాపి గ్లాసు అందుకోబోయారు. అదే క్షణంలో మిగతా గ్లాసులు తీయడానికి వచ్చిన కోడలి ట్రే అంచు తగిలింది. గ్లాసు పక్కకి ఒరిగి, బల్ల మీద ఒక చుట్టు తిరిగి, కింద పడి పగిలింది. విస్కీ సగం నేల మీద, సగం చిన్నయ్యగారి చొక్కా చేతి మీద.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్!" మేస్త్రి లేచాడు.

"పోనీలేవయ్యా," అన్నారు చిన్నయ్యగారు. చొక్కా చెయ్యి ఒకసారి విదిల్చారు. "పీపాలో బోలెడుంది. భోజనాలయ్యాక రెండు గంటలకి మళ్ళీ పోద్దాం. గ్లాసులు నేనే సర్దుతాను." మేస్త్రి వైపు ఒక్క క్షణం చూశారు. "నువ్వు కాస్త మొహం కడుక్కో. అలిసినట్టున్నావ్."

గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

గ్లాసులు కడిగే గది పక్కనే. రాతి తొట్టి, నీళ్ళు కాగే బాయిలరు, గోడ పొడవునా చెక్క స్టాండ్లు. మేస్త్రి లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కోడలు పగిలిన పెంకులు తొట్టి పక్కన పేర్చుతోంది.

"ఎందుకు ఒలకబోశావ్?"

"చెయ్యి తగిలింది మామయ్యా."

"నీ చెయ్యి తగలదు. నాలుగేళ్ళలో ఒక్క గ్లాసుకి చిన్న పెచ్చు లేవలేదు. ఇవాళే తగిలిందా? చిన్నయ్యగారి ముందు? నా పేరు సీసా మీదికి ఎక్కే రోజే తగిలిందా?"

కోడలు కుళాయి తిప్పింది. నీళ్ళు కాసేపు వాటి పాటికి అవి పడ్డాయి.

"అందులో గోనెసంచి ఉంది మామయ్యా."

"ఏంటీ?"

"తడిసి, ఆరక, మూలన పడేసిన గోనెసంచి ఎలా ఉంటుందో, అదీ వాసన. మీరు మూత తీయగానే గుమ్మం దాకా వచ్చింది. మీరేమో పెద్దయ్యగారే వచ్చి పోశారన్నారు."

మేస్త్రి మొహం ఎర్రబడింది. "వాసనల గురించి నీకేం తెలుసు? గ్లాసులు కడుక్కునేదానివి."

"కడుక్కునేదాన్నే." ఆమె చెయ్యి తుడుచుకుని, స్టాండు పక్కన ఇంకా కడగని గ్లాసు ఒకటి తీసింది. నిన్నటిది. అడుగున ఒక చుక్క ఎండి ఉంది. "మీరు నిండు గ్లాసు చూస్తారు. నాకు వచ్చేది ఖాళీది. ఖాళీ గ్లాసులో దాచుకోవడానికి ఏమీ ఉండదు మామయ్యా. ఘాటంతా పోతుంది, ఉన్నదేదో మిగులుతుంది. నాలుగేళ్ళుగా రోజుకి ముప్పై నలభై. ఏది ఏంటో తెలియకుండా ఉండటమే కష్టం."

మేస్త్రి ఆ గ్లాసు వైపు చూశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పాలు మాడిన రోజునుంచి."

"ఏ పాలు?"

"మీకు జ్వరం తగ్గి లేచిన వారం. అత్తయ్య పాలు పొయ్యి మీద పెట్టి పక్కింటికెళ్ళింది. నేను పెరట్లో ఉన్నాను. మీరు పొయ్యికి రెండు అడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను వాసనకి పరిగెత్తుకొచ్చేసరికి గిన్నె నల్లబడి ఇల్లంతా కంపు. మీరు పేజీ తిప్పారు." ఆమె గొంతులో ఎగతాళి లేదు. "అంతకుముందు మీరెలా ఉండేవారు? కూర అడుగంటితే వీధి చివర్నుంచే కేక వేసేవారు. అప్పట్నుంచి నన్ను ఒక్కసారి తిట్టలేదు. కారం మాత్రం రెట్టింపు అడుగుతున్నారు. అత్తయ్య ఏమో 'మా ఆయన మెత్తబడ్డాడు' అని మురిసిపోతోంది."

మేస్త్రి ఖాళీ సీసాల పెట్టె ఒకటి తిరగేసి దాని మీద కూర్చున్నాడు. కాసేపటికి తల ఎత్తాడు. ఒక పట్టు దొరికినట్టుంది ఆయనకి.

"సరే. పోయింది. ముక్కు పోయింది. మరి పదకొండు పీపాలు ఎలా ఎంచానంటావ్? పదకొండులో ఒక్కటి తేడా వచ్చిందా? అది గాలివాటమా? చెప్పు."

కోడలు ఆ గ్లాసు తొట్టిలో పెట్టింది.

"చెప్పవే!"

"వద్దులెండి మామయ్యా."

"చెప్పమంటున్నానా."

"మీరు పదకొండుసార్లూ కుడిచేతి వైపు గ్లాసే తీసుకున్నారు."

బాయిలరులో నీళ్ళు గుసగుసలాడుతున్నాయి.

"తేల్చుకోలేని మనిషి చెయ్యి దగ్గరున్నదాని మీదికే పోతుంది. మొదటిసారి ఊరికే చూశాను. ఆ రోజు కుడివైపున్నది అదృష్టం కొద్దీ బాగుంది. రెండోసారి నుంచి నేనే పెట్టాను. పోసేటప్పుడే వాసన తెలిసిపోయేది. మంచిది కుడివైపు. చారలు చూశారు, బుడగలు చూశారు, అన్నీ చూశారు. చివరికి చెయ్యి మాత్రం అటే వెళ్ళింది. ఇవాళ చిన్నయ్యగారు సర్దారు. మంచిది మొదటిది, ఎడమవైపుకి పోయింది. కుడివైపుది మరీ పలచగా ఉండేసరికి మీ చెయ్యి మధ్యదాని మీదికి వెళ్ళింది. ఇంక నాకు ట్రే తప్ప దారి లేకపోయింది."

మేస్త్రి తన కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతిని ఎవరో మర్చిపోయి వదిలేసి వెళ్ళినట్టు చూశాడు. పదకొండుసార్లు. ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికి నడిచి, తిరిగి వచ్చి, గొంతు సవరించుకుని "ఇది" అన్నాడు. ఒకసారి చిన్నయ్యగారు భుజం తట్టారు కూడా. ఆ రోజు ఇంటికి వెళ్తూ తనలో తాను నవ్వుకున్నాడు.

ముక్కు పోయినప్పుడు ఇంత బాధ కలగలేదు.

"నాతో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"నన్ను ఈ పనిలో పెట్టించిన రోజు మీరేమన్నారో గుర్తుందా? 'ఆ గదిలో నోరు మూసుకుని పని చేసుకో, నా పరువు తియ్యకు' అన్నారు. మూసుకునే చేసుకున్నాను. పరువూ తియ్యలేదు."

బయట ఎవరో ఖాళీ పీపా దొర్లించుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ ఆగారు.

"అమ్మాయ్," అన్నాడు. ఆయన ఆ గొంతుతో ఆమెని ఎప్పుడూ పిలవలేదు. "ఈ ఒక్కసారి. రెండింటికి మళ్ళీ పోస్తారు. ఏది మొదటిదో నాకు గుర్తు పట్టేలా చెయ్యి. లేబుల్ అచ్చయిపోయింది. ఇది గట్టెక్కితే నేనే మానేస్తాను, ఒంట్లో బాలేదంటాను. పేరు పోగొట్టుకుని పోవడం వేరు, పేరుతో పోవడం వేరు."

"గ్లాసులు ఆయనే సర్దుతానన్నారు కదా."

"నువ్వు గుమ్మంలోనే ఉంటావుగా. ఏదో ఒక సైగ..."

"దగ్గమంటారా? మొదటిదైతే ఒకసారి, మూడోదైతే మూడుసార్లు? చిన్నయ్యగారు డాక్టర్ని పిలుస్తారు నాకోసం."

మేస్త్రికి నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆమె నవ్వలేదు. తొట్టి అంచుకి ఆనుకుని నిలబడింది.

"నాకు విసుగొచ్చింది మామయ్యా. మీ మీద కాదు. రోజూ ఆ గుమ్మంలో నిలబడి మీ చెయ్యి ఎటు పోతుందో అని ఊపిరి బిగపట్టుకోవడం. ఇంటికెళ్ళి పడుకుంటే కల్లో కూడా గ్లాసులే. ఒకరోజు నాకు జ్వరమొస్తే ఏమవుతుంది? ఎవరితోనూ చెప్పలేను. మీ అబ్బాయితో చెప్పలేను. మీతో అసలు చెప్పలేను. మీ దొంగతనానికి కాపలా కాస్తూ కూర్చున్నాను, అది దొంగతనమని మీకు తెలియను కూడా తెలియకుండా."

మేస్త్రి తల దించుకున్నాడు. ఆమె పెంకులు కాగితంలో చుట్టింది, తొట్టి అంచు తుడిచింది. తుడుపుగుడ్డ పిండి భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"మొదటి పీపాది ఎటు ఉంటే గుడ్డ ఆ భుజం మీద ఉంటుంది," అంది వెనక్కి చూడకుండా. "మధ్యలో ఉంటే చేతిలో. ఇదే ఆఖరు."

భోజనాల బల్ల సీసాల షెడ్డు వెనక. షెడ్డు వాళ్ళు తిని వెళ్ళిపోయారు. మేస్త్రి వెళ్ళేసరికి ఆయన బామ్మర్ది ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పీపాలు బిగించే మనిషి, మేస్త్రి భార్యకి తమ్ముడు. మామూలుగా మేస్త్రి కనపడగానే ఏదో ఒక చురక అంటించేవాడు. ఇవాళ డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏరా బామ్మర్దీ, ఆకలి లేదా?"

"ముందు ఇటు కూర్చో బావా." అటూ ఇటూ చూసి, జేబులోంచి గుడ్డపేలిక ఒకటి తీసి బల్ల కింద నుంచి అందించాడు. "రెండో పీపా బిరడాకి చుట్టిన గోనెగుడ్డ. ఎలా బూజు పట్టిందో చూడు. వానల్లో గోదాం కప్పు కారినప్పుడు మూడింటి గుడ్డలూ మార్చమన్నారు. ఒకటి మార్చాను, మూడోది మార్చాను, ఈలోపు టీ వచ్చింది. తాగొచ్చి మిగతా పని అయిపోయిందనుకున్నాను. నీ మీద ఒట్టు, అయిపోయిందనే అనుకున్నాను. ఆ కంపంతా లోపలికి దిగిపోయింది. వాసన చూడు, ప్రాణం పోతుంది."

మేస్త్రి గుడ్డ మొహం దగ్గర పెట్టుకుని, "ఛీ" అన్నాడు.

బామ్మర్ది ఆయన మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఎవరు చూశారిది?" అడిగాడు మేస్త్రి.

"చిన్నయ్యగారే. గంట కింద గోదాంలోకి వచ్చి రెండో పీపా బిరడా తియ్యమన్నారు. గుడ్డ వాసన చూశారు. తర్వాత ఆయన చొక్కా చెయ్యి వాసన చూసుకున్నారు, ఇలా. మళ్ళీ గుడ్డ, మళ్ళీ చొక్కా. నన్ను తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక ఖాళీ శాంపిల్ సీసా ఉంటే ఇవ్వమని అడిగి తీసుకెళ్ళారు, అంతే." గొంతు ఇంకా తగ్గించాడు. "బావా, నువ్వు ఎంచింది రెండోదేనట కదా. నాకు అర్థం కానిది అదే. నేను టీ తాగడానికెళ్ళి మర్చిపోయాను, సరే. నీకెలా తగల్లేదు?"

మేస్త్రి నోరు తెరిచాడు. షెడ్డు తలుపు దగ్గర చిన్నయ్యగారు కనిపించారు. బామ్మర్ది గుడ్డ లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

ఆయన వచ్చి వాళ్ళతో కూర్చోవడం వింతేమీ కాదు. భార్య పోయినప్పటినుంచి ఆయన డబ్బా కూడా ఆ బల్ల మీదికే వస్తోంది. చొక్కా మార్చుకోలేదు. విస్కీ ఆరిన చోట చొక్కా చెయ్యి మరకలు పడి బిరుసుగా ఉంది. కోడలు రెండు డబ్బాలతో వచ్చి, మామగారి ముందు ఒకటి పెట్టి, ఎదురుగా కూర్చుంది. తుడుపుగుడ్డ ఇంకా ఆమె భుజం మీదే ఉంది. రొట్టెలు, కూర, ఉడికించిన గుడ్లు. ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకున్నారు.

నలుగురూ రెండు మూడు ముక్కలు తిన్నారు. అప్పుడు చిన్నయ్యగారు జేబులోంచి చిన్న సీసా తీసి, బిరడా లాగి, బల్ల మధ్యలో పెట్టారు. నీళ్ళలా తేటగా ఉంది లోపల. మేస్త్రి దాని వైపు ఒకసారి చూశాడు. బట్టీలోంచి కొత్తగా దిగిన సరుకు ఇలాగే రంగు లేకుండా ఉంటుంది. చిన్నయ్యగారు అప్పుడప్పుడూ తెస్తుంటారు కూడా. మేస్త్రి రొట్టె తుంచి కూరలో అద్దుకుని తిన్నాడు.

సీసాలో ఉన్నది తెల్ల కిరసనాయిలు.

బామ్మర్ది చెయ్యి నోటికీ డబ్బాకీ మధ్య ఆగిపోయింది. చిన్నయ్యగారు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. కదలని ఆ గాలిలో కంపు బల్ల చుట్టూ కమ్ముకుని నిలిచింది. మేస్త్రి ఇంకో ముక్క తిన్నాడు. గుడ్డు సగం చేసి ఉప్పు అద్దుకున్నాడు. అది నోట్లో పెట్టుకున్నాక గానీ బల్ల మీద నిశ్శబ్దం ఆయనకి వినపడలేదు.

తల ఎత్తాడు. ముక్కు పనిచెయ్యకపోయినా కళ్ళు ముప్పై ఏళ్ళుగా మనుషుల మొహాల్లో విస్కీ చదివినవి. బామ్మర్ది మొహం చూశాడు. ఆగిన చెయ్యి చూశాడు. చిన్నయ్యగారి ఒళ్ళో ఉన్న చేతులు చూశాడు.

ఎదురుగా కోడలు మాత్రం తింటోంది.

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటోంది, నములుతోంది, మింగుతోంది, మళ్ళీ తుంచుతోంది. ముక్కుపుటాలు కదలకుండా బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు నిండి, రెప్ప వేస్తే జారేలా ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు. గొంతు దగ్గర ముద్ద అడ్డం పడి దిగుతుంటే మెడ నరం లేచింది. ఆయన ఒక్కడే తింటుంటే ఆయన ఒక్కడే దొరికిపోతాడని, ఆమె కూడా తింటోంది.

మేస్త్రి చేతిలోని ముక్క డబ్బాలో పెట్టేశాడు. వేళ్ళు తుడుచుకున్నాడు. జేబులోంచి లేబుల్ కాగితం తీసి మడత విప్పాడు. దాని మీద ఆ చిన్న సీసా పెట్టి, కాగితంతో సహా రెండు వేళ్ళతో నెమ్మదిగా తోసుకుంటూ బల్ల అవతలికి, కోడలి డబ్బా పక్కకి జరిపాడు. చేతిని అక్కడే వదిలేశాడు.

కోడలు నమలడం ఆపింది. ఆయన్ని చూసింది. అచ్చులో ఉన్న ఆయన పేరు చూసింది. బిరడా అందుకుని సీసాకి బిగించింది. భుజం మీది గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకుంది.

చిన్నయ్యగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. జేబులో తడుముకుని శాంపిల్ గది తాళంచెవి తీసి, లేబుల్ కాగితం మీద, మేస్త్రి వేళ్ళకీ కోడలి డబ్బాకీ మధ్యలో పెట్టారు. ఎవరిని తీసుకోమంటున్నారో చెప్పలేదు. తన డబ్బా దగ్గరికి లాక్కుని రొట్టె తుంచారు.

బామ్మర్ది ఆగిన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కోడలు తల వంచుకుని కూర అద్దుకుంది. కాసేపటికి మేస్త్రి కూడా ఎడమచేత్తో డబ్బా దగ్గరికి తీసుకున్నాడు. షెడ్డు రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. తాళంచెవి పెట్టిన చోటే ఉంది, నలుగురూ దాని చుట్టూ కూర్చుని తింటున్నారు.